ర్యాలీలు, ప్రతిజ్ఞలు అయిపోయాక మీ ఊర్లో నిజంగా ఏమైనా మారిందా?

పాలకొండల కింద (కడప):

నమస్తే అందరికీ. కొంచెం విసుగులో రాస్తున్నా, ఏమనుకోవద్దు. నేను కడపలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. ఈ ఏడాది ఎన్ఎస్ఎస్ పని కూడా నా నెత్తిన పడింది. అప్పటి నుంచి ఊపిరాడటం లేదు. జూన్ 5 పర్యావరణ దినోత్సవం, సెప్టెంబరు 16 ఓజోన్ దినం, అమ్మ పేరుతో ఒక మొక్క, ఇవి చాలవన్నట్టు ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర. ఆ కార్యక్రమం మొదలైంది కూడా మన జిల్లాలోనే, 2025 జనవరి 18న ముఖ్యమంత్రి మైదుకూరుకు వచ్చి ప్రారంభించారు. అన్నింటికీ పద్ధతి ఒకటే: బ్యానరు పట్టుకుని ర్యాలీ, సర్కిల్ దగ్గర ప్రతిజ్ఞ, ఫోటో, ఆ ఫోటో గ్రూపులో పెట్టి పైవాళ్ళకు రిపోర్టు.

పోయిన సారి ప్రతిజ్ఞ చదివించాక ఒక పిల్ల వచ్చి అడిగింది, "మేడం, ఇవన్నీ మాకు తెలుసు కదా, తెలిసి ఇప్పుడేం చేయాలి?" అని. ఎగతాళిగా అడగలేదు, నిజంగానే అడిగింది. ఏదో ఒకటి చెప్పి పంపించాను గానీ నాకే నచ్చలేదు. మైక్రోప్లాస్టిక్ గురించి, కార్బన్ గురించి నాకంటే ఆ పిల్లలకే ఎక్కువ తెలుసు. తెలియజేయడమే మన పని అయితే అది ఎప్పుడో అయిపోయింది.

అందుకే అడుగుతున్నా. కర్నూలు, అనంతపురం, కడప వైపు మీకు తెలిసినంతలో, ఒక ప్రచారం వల్ల జనం ఫలానా పని చేయడం మొదలుపెట్టి గానీ మానేసి గానీ, ఏడాది దాటాక కూడా అట్లాగే ఉన్నది ఏదైనా ఉందా? "అవగాహన పెరిగింది" అనే మాట మాత్రం వద్దు, దాన్ని నా రిపోర్టుల్లో నేనే రాస్తుంటాను. ఉంటే అది దేనివల్ల జరిగింది?

సీమ సెటైరు (కర్నూలు):

మారింది మేడం. మా దగ్గర బ్యానరు మీద తేదీ ఉన్నచోట స్టిక్కరు అంటించి ఏటా అదే వాడుతున్నారు. రీసైక్లింగ్ అంటే అదే కదా.

చెనిక్కాయ చేను (ఉరవకొండ దగ్గర):

సెటైర్లు బాగానే ఉన్నాయి గానీ మేడం అడిగిందానికి నా దగ్గర ఒక జవాబుంది. పొడుగుంటుంది, ఓపిక ఉంటే చదవండి.

నీళ్ళు పొదుపుగా వాడండి అనే మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నా. గోడల మీద రాతలు, కళాజాతలు, బడి పిల్లల ఊరేగింపులు, అన్నీ చూసినాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది, అదీ కాగితం మీద. నీటి విలువ మాకు ఒకరు చెప్పాల్నా? బోర్లు వేసి అప్పులపాలైన ఇల్లు లేని ఊరు చూపించండి. అయినా కొంచెం నీళ్ళు పడితే వరి వేసేవాళ్ళం. తెలియక వేసింది కాదు. నేను మోటారు ఆపితే నా నీళ్ళు నాకు మిగలవు, పక్కోని బోరు లాగేస్తాది. భూమి కింద గట్లు ఉండవు కదా. అందరికీ అన్నీ తెలుసు, ఆపేవాడు ఒక్కడూ లేడు, ఎందుకంటే ముందు ఆపినోడే నష్టపోతాడు.

2000 తర్వాత ఆ దశకంలో ఎఫ్ఏఓ, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఒక ప్రాజెక్టు వచ్చింది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని నోరు తిరగని పేరు. రైతులే భూగర్భ జలాలను చూసుకునే పద్ధతి అని దాని అర్థం. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు జిల్లాల్లో నడిచింది. వాళ్ళు వచ్చి నీళ్ళు తక్కువ వాడండి అని చెప్పలేదు. సబ్సిడీ కూడా ఏమీ ఇవ్వలేదు, దాంతో మొదట్లో మా ఊర్లో చాలామంది మీటింగులకే రాలేదు. వానను కొలిచే గేజి పెట్టించి, పదిహేను రోజులకోసారి కొన్ని బోర్లలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో మా చేతే కొలిపించినారు. ఆ లెక్క ఊరి మధ్యలో బోర్డు మీద రాసేవాళ్ళం. వానకాలం అయిపోయి రబీ పంట పెట్టే ముందు అందరూ కూర్చుని లెక్క చూసేది, ఈసారి భూమిలోకి ఇంత దిగింది, మనం అనుకున్న పంటలన్నీ వేస్తే ఇంత కావాల, ఇంత లోటు అని. ఏ పంట వెయ్యాలో ఎవరూ చెప్పలేదు, ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ ఆ లోటు కళ్ళముందర పెట్టినాక, తనకు ఎకరా వరి చాలని ఒకడు, ఈసారి ఉలవలు చల్లుకుంటానని ఇంకొకడు వాళ్ళంతట వాళ్ళే తగ్గినారు. పక్కోడు ఎంత లాగుతున్నాడో తెలిసినప్పుడు మనకూ రోంత ధైర్యం వస్తాది తగ్గడానికి. 2010లో ప్రపంచ బ్యాంకు మన దేశ భూగర్భ జలాల మీద వేసిన నివేదికలో కూడా దీన్ని మంచి ఉదాహరణగానే రాసినారు.

అంతా బాగైపోయిందని మాత్రం చెప్పను. ప్రాజెక్టు అయిపోయినాక మా ఊర్లో కొలత నెమ్మదిగా ఆగిపోయింది. తర్వాత డ్రిప్పు వచ్చింది, దాంతో మిగిలిన నీళ్ళకు ఇంకో ఎకరా చీనీ తోట పెట్టినారు. మళ్ళీ మొదటికే వచ్చినట్టుంది కొన్నిచోట్ల. కానీ మీరడిగిన "ఏడాది దాటాక కూడా" అనేదానికి అది నిలబడింది, ఏడాది కాదు, కొలత ఉన్నన్నాళ్ళూ.

పాలకొండల కింద:

అన్నా, ఇట్లాంటిదే కావాలనుకున్నా. ఒక్క అనుమానం. బోర్డు మీద రాయడం ఎవరి పని? ప్రాజెక్టు జీతగాళ్ళదా, రైతులదా?

చెనిక్కాయ చేను:

రైతులదే మేడం, మొగోళ్ళూ ఆడోళ్ళూ ఇద్దరూ చేసినారు. జీతం లేదు. అందుకే ఆగిపోయిందేమో, లేకపోతే అందుకే అన్నేళ్ళు నడిచిందేమో, రెండు విధాలా చెప్పొచ్చు.

కిరాణా కొట్టు (ప్రొద్దుటూరు):

నేను అవతలి వైపు నుంచి చెప్తా. మీరంతా ర్యాలీ తీసేది మా అంగళ్ళ ముందే కదా.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం 2022 జులై 1న వచ్చింది. క్యారీ బ్యాగులు 120 మైక్రాన్ల కంటే పల్చన ఉండకూడదని అదే ఏడాది డిసెంబరు 31 నుంచి. రూలు నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే ఫైను కట్టేది నేను. తనిఖీలు గట్టిగా జరిగిన రోజుల్లో మా బజార్లో ఒక్క కవరు కనపడలేదు, నిజం చెప్తున్నా. కస్టమర్లు గొణుక్కుంటూనే సంచులు తెచ్చుకున్నారు. తర్వాత తనిఖీ ఆగింది, వీధి చివర ఒకాయన మొదలుపెట్టాడు, సాయంత్రానికల్లా నా గిరాకీ అటు పోయింది. నేనూ మొదలుపెట్టినా. ఇంకేం చేయమంటారు? చేతులు ఊపుకుంటూ వచ్చి అర కేజీ చక్కెర, పావు కేజీ బ్యాళ్ళు అడిగే మనిషికి నేను పర్యావరణం గురించి చెప్తే, ఆయన నవ్వి పక్క కొట్టుకు పోతాడు.

ఇంకొకటి. ప్రచారంలో "గుడ్డ సంచులు వాడండి" అని పంచిపెడతారు చూడండి, మెత్తగా, రంగురంగుల్లో ఉండేవి, వాటిలో చాలావరకు గుడ్డ కాదు. నాన్ ఓవెన్ అంటారు, పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. నాలుగు సార్లు వాడితే పొడి పొడిగా రాలిపోతాది. అవి పంచి ఫోటో దిగినవాళ్ళను నా కళ్ళతో చూసినా. వాళ్ళకు తెలుసో లేదో మరి.

ఇప్పుడు అసలు విషయం. మా వీధి జనమే తిరుమలకు పోతారు. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు అమ్మడం మానేశారు కదా, గాజు సీసా ఇస్తారు, సీసాకు డిపాజిట్ కట్టించుకుంటారు, ఖాళీ సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కి. అక్కడ ఎవరూ గొణగరు. గుండు కొట్టించుకుని, లడ్లు మోసుకుని, చంకలో పిల్లోణ్ణి పెట్టుకుని కూడా ఆ సీసాను జాగ్రత్తగా తెచ్చి ఇస్తారు. అదే మనిషి అలిపిరి దిగంగానే ప్లాస్టిక్ బాటిల్ కొని తాగి కిటికీలోంచి పారేస్తాడు. కొండ మీద మనసు మారిందా, కొండ కింద పాడైందా? రెండూ కాదు. అక్కడ పద్ధతి ఉంది, ఇక్కడ లేదు.

సీమ సెటైరు:

అన్నా, మనసు సంగతి స్వామికి వదిలేసి డిపాజిట్ సంగతి మనం చూసుకోవాలంటావు.

బెంగుళూరు నుంచి హిందూపురం వాణ్ణి:

నీలగిరిలో మద్యం సీసాలకు కూడా ఇదే పద్ధతి. అడవిలో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్ళకు గుచ్చుకుంటున్నాయని కేసు మద్రాసు హైకోర్టుకు పోతే, 2022లో కోర్టు చెప్పాక సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీది ఇస్తే తిరిగిస్తున్నారు. తాగినోడు కూడా సీసా తెచ్చిస్తున్నాడంటే చూసుకోండి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

కిరాణా అన్న చెప్పిందాంట్లో నిజముంది గానీ, జనం డబ్బు కోసం తప్ప కదలరు అన్నట్టు తేలుతోంది చర్చ. దానికి నేను ఒప్పుకోను.

కప్పట్రాళ్ళ పేరు వింటే చాలామందికి ఫ్యాక్షన్ ఒక్కటే గుర్తొస్తుంది. దేవనకొండ మండలం, మా కర్నూలుకు పడమర. ఆ వైపంతా మెట్ట, అడవి అంటూ ఉంటే ఆ కొండల మీద ఉన్నదే. 2024లో అక్కడ యురేనియం కోసం బోర్లు వేసి చూస్తారని తెలిసింది. చుట్టుపక్కల ఊర్లన్నీ లేచాయి. బళ్ళారి రోడ్డు మీద కూర్చున్నారు, మీటింగులు పెట్టుకున్నారు, పార్టీ గీర్టీ లేకుండా. నవంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గి బోర్లు వేయబోమని చెప్పింది. ఎవరూ వాళ్ళకు పవర్‌పాయింట్ చూపించలేదు. కడప జిల్లా తుమ్మలపల్లె గని సంగతి అందరికీ తెలుసు, 2012 ప్రాంతం నుంచి నడుస్తోంది, బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. ఆ మాట బంధువుల ద్వారా, పెళ్ళిళ్ళలో, సంతల్లో ఇక్కడిదాకా వచ్చింది. అంతకుముందు 2019లో నల్లమలను కాపాడండి అని సోషల్ మీడియాలో సినిమావాళ్ళు కూడా పోస్టులు పెట్టారు, అప్పుడు తెలంగాణ అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. ఆ హడావిడి అంతా వృథా అని నేను అనను, "యురేనియం" అనే మాట మా ఊర్లో ముసలవ్వలకు కూడా తెలిసింది దానివల్లే.

కాబట్టి ప్రచారం పని చేస్తుంది. మన గుమ్మం ముందుకు వచ్చినదాని గురించి అయితే.

మనసు_మర్మం (అనంతపురం):

హంద్రీ ఒడ్డు గారూ, మీరు చెప్పినది, మేడం అడిగినది రెండు వేరు వేరు రకాలు అనిపిస్తోంది నాకు. బోర్లు వద్దు అన్నది ఒక నిర్ణయాన్ని ఆపడం. ఒక్క సంతకంతో అయిపోతుంది, గెలిచామో ఓడామో ఆ రోజే తెలుస్తుంది. సంచి తెచ్చుకోవడం, మోటారు ఆపడం, చెత్త వేరు చేయడం రోజూ చేయాల్సినవి, లక్ష మంది లక్ష సార్లు చేయాలి, గెలిచిన రోజు అంటూ ఉండదు. ధర్నాకు వచ్చినవాడే ఇంటికి పోతూ కవర్లో బజ్జీలు కట్టించుకుంటాడు. అది ద్వంద్వ నీతి అని నేను అనుకోను, ఆ రెండు పనులకూ మనిషిలో వేరే వేరే మీటలు ఉన్నాయి, అంతే.

నేను సైకాలజీలో పీజీ చేశాను కాబట్టి ఒక అధ్యయనం చెప్తా, మేడంకు పనికొస్తుంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో చెట్లు రాయిగా మారిపోయిన ఒక పార్కు ఉంది, పెట్రిఫైడ్ ఫారెస్ట్ అంటారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ రాతి చెక్క ముక్కలు జేబులో వేసుకుని పోతుంటారు. రాబర్ట్ చియాల్డిని అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసేవాళ్ళు అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. "ఇంతకుముందు చాలామంది ముక్కలు తీసుకుపోయారు, దానివల్ల అడవి పాడవుతోంది" అని ఒకటి. "దయచేసి ముక్కలు తీసుకుపోవద్దు" అని రెండోది. రెండో బోర్డు ఉన్నప్పుడు గుర్తుపెట్టి వేసిన ముక్కల్లో రెండు శాతం లోపే పోయాయి. మొదటి బోర్డు ఉన్నప్పుడు దాదాపు ఎనిమిది శాతం. అందరూ చేస్తున్నారు అని బాధగా చెప్పినా సరే, చదివినవాడికి వినపడేది "అందరూ చేస్తున్నారట" అనే.

ఇప్పుడు మన పోస్టర్లు గుర్తుచేసుకోండి. చెత్త కుప్పల ఫోటో, చచ్చిన ఆవు కడుపులో కవర్లు, "మనమంతా భూమిని చంపుతున్నాం". భయపెట్టాలని వేస్తారు. అసలు సంగతి జనానికి ఇట్లా చేరుతుంది: ఇది మామూలే, ఊరంతా ఇంతే. ఇదే చియాల్డిని 2008లో ఇద్దరితో కలిసి హోటల్ తువ్వాళ్ళ మీద ఇంకో అధ్యయనం వేశారు. పర్యావరణం కోసం తువ్వాలు మళ్ళీ వాడండి అన్న కార్డు కంటే, ఈ గదిలో దిగినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ వాడారు అన్న కార్డు బాగా పని చేసింది. "ఈ గదిలో" అనేది గమనించండి. ప్రపంచం కాదు, దేశం కాదు, ఈ గది. ఉరవకొండ అన్న చెప్పిన బోర్డు కూడా ఇదే పని చేసి ఉంటుంది, ఆ ఊరి లెక్క ఆ ఊరికే చూపించింది.

సీమ సెటైరు:

ఈసారి సెటైరు కాదు. నాకు కోపం వచ్చేది వేరే దాని మీద. 1971లో అమెరికాలో ఒక టీవీ యాడ్ వచ్చింది, చెత్తను చూసి ఆదివాసీ వేషంలో ఉన్నాయన కన్నీరు కార్చేది. (ఆ నటుడు ఆదివాసీ కూడా కాదు, ఇటలీ మూలాలాయన.) ఆ యాడ్ వేసిన సంస్థ వెనక ఉన్నది కూల్ డ్రింకుల కంపెనీలు, డబ్బాలూ సీసాలూ తయారుచేసే కంపెనీలు. పాత గాజు సీసా తిరిగి తీసుకునే పద్ధతి తీసేసి, వాడి పారేసే డబ్బాలు తెచ్చిందే వాళ్ళు, తప్పేమో పారేసినోడిది. "కార్బన్ ఫుట్‌ప్రింట్" (ఒక మనిషి వల్ల గాల్లోకి పోయే కార్బన్ లెక్క) అనే మాటను ఇంటింటికీ చేర్చింది కూడా బీపీ అనే చమురు కంపెనీ ప్రచారమే. మేడం పిల్లలు ప్రతిజ్ఞ చేస్తుంటే నాకు ఇదే గుర్తొస్తుంది. కవర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ముందు ఎప్పుడైనా ర్యాలీ పోయిందా?

కిరాణా కొట్టు:

ఈ మాటకు నీకు బాదం పాలు తాపిస్తా అబ్బీ, ప్రొద్దుటూరు వస్తే చెప్పు.

హంద్రీ ఒడ్డు:

మనసు_మర్మం గారూ, మీటల మాట నచ్చింది. దానికి మా ఊరి సాక్ష్యం ఒకటి. కర్నూలు వినాయక నిమజ్జనం తెలుసు కదా, కేసీ కెనాల్ మీద వినాయక ఘాట్ దగ్గర. ఏటా మట్టి విగ్రహాల ప్రచారం జరుగుతుంది, ఉచితంగా పంచుతారు కూడా. నేను చూసినంతలో ఇళ్ళలో మార్పు వచ్చింది, మా కాలనీలో ఇప్పుడు ఇంట్లో పెట్టేది దాదాపు అంతా మట్టిదే, చిన్నది, బకెట్లో కలిపి చెట్టుకు పోసేస్తారు. వీధి పందిళ్ళలో మాత్రం ఇంకా ప్లాస్టర్ ఆఫ్ పారిసే, 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల్లో వద్దన్నా సరే. ఎందుకంటే పక్క వీధి విగ్రహం పద్నాలుగు అడుగులైతే మనది పదిహేను ఉండాల. చందా ఇచ్చినాయనకు ఎత్తు కావాల. ఆ ఎత్తులో మట్టితో చేస్తే మోయలేరు, ఖర్చూ ఎక్కువ. ప్రచారమేమో భక్తుడితో మాట్లాడుతోంది, ఎత్తు నిర్ణయించేది పందిరి కమిటీ. కమిటీ వాళ్ళను కూర్చోబెట్టి ఈసారి అందరం ఆరడుగులే అని ఒప్పించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, మా వైపు నేను చూడలేదు.

లంకమల దారి (బద్వేలు):

ర్యాలీ లేకుండా జరిగిన పని ఒకటి మన కడప జిల్లాలోనే ఉంది, ఎవరూ చెప్పలేదేమని చూస్తున్నా. కలివి కోడి అనే పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి వైపు పొదల్లో దొరికింది, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతుంటే స్థానికుల సాయంతో. దానికోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పని ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, పక్షుల మీద పని చేసే కొద్దిమంది కాగితాలు పట్టుకుని అధికారుల దగ్గరికి, ఢిల్లీదాకా పోయి కాలువ దారి మార్పించారు. పట్టుమని పదిమంది. బ్యానరు లేదు.

కానీ దీన్ని గెలుపు కింద రాసుకోవాలంటే నాకు మనసు రాదు. కాలువ పక్కకు జరిగింది, పక్షి మాత్రం ఆ తర్వాత కనపడటమే గగనమైంది. ఆ పొదలు అట్లా ఉండాలంటే పశువులు కొంత మేయాలి, కట్టెలు ఎక్కువ కొట్టకూడదు, నిమ్మ తోటలు లోపలికి రాకూడదు. అదంతా అక్కడ గొర్రెలు కాసేవాళ్ళతో రోజూ కూర్చుని మాట్లాడితే అయ్యే పని. దానికి ఒక్క ఉత్తర్వు చాలదు. పైన మనసు_మర్మం గారు చెప్పిన ఒక్క సంతకం మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

మేకల కాపరి మనవడు (చెన్నేకొత్తపల్లి):

మొక్కల సంగతి ఎవరూ తీయలేదు. మా పాత అనంతపురం జిల్లాలో జూన్, జులైల్లో నాటినవి మార్చికి ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. ఎవరు నాటారో ఫోటోలో ఉంటుంది, ఎవరు నీళ్ళు పోయాలో ఎక్కడా ఉండదు. ఉపాధి హామీ కింద రోడ్డు పక్కన నాటినవాటిలో, బతికిన మొక్క లెక్కన ఒక మనిషికి డబ్బు ఇచ్చినచోట చెట్లయ్యాయి. నేను రోజూ బస్సులో పోయే దారిలో ఆ తేడా కిలోమీటరు రాయి చూసినట్టు కనపడుతుంది, ఇక్కడిదాకా ఒకరికి అప్పగించారు, ఇక్కడి నుంచి లేదు.

ఇంక కల్పవల్లి అనే కొండ అడవి గురించి. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర మొదలైంది, ఆ తర్వాత ముష్టికోవెల చుట్టూ ఊర్లవాళ్ళతో కలిసి బోడి కొండలను కాపాడటం మొదలుపెట్టారు. ఏడు వేల ఎకరాలు పైనే. చూసినవాళ్ళు అక్కడ కోట్ల మొక్కలు నాటారనుకుంటారు. విత్తనాలు చల్లారు, కొంత నాటారు, కానీ అసలు పని వేసవిలో నిప్పు పడకుండా చూడటం, నరకకుండా కాపలా కాయడం. వేళ్ళు భూమిలోనే ఉన్నాయి, వదిలేస్తే అవే లేచాయి. మొదట గడ్డి వచ్చింది, గడ్డి వస్తే పశువులున్న ఇల్లు ప్రతిదీ కాపలా కాస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత ఈత చెట్లు వచ్చాయి, చాపలు, బుట్టలు, చీపుర్లు. వాగుల్లో నీళ్ళు నిలిచాయి. అడవి మీద మాకు ప్రేమ అని ఎవరూ అనరు మా దగ్గర, మా గడ్డి అంటారు.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. 2010 తర్వాత అదే కొండల మీదికి గాలిమరలు వచ్చాయి. స్వచ్ఛమైన కరెంటు, వాతావరణాన్ని కాపాడే కరెంటు. వాటికి రోడ్ల కోసం కొండ నడుములు తవ్వి, చెట్లు కొట్టారు, మట్టి జారి వాగుల్లోకి వచ్చింది. రికార్డుల్లో అది బంజరు భూమి కాబట్టి అడ్డు లేదు. ఊరివాళ్ళ సొసైటీ గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోవాల్సి వచ్చింది. పర్యావరణం పేరు చెప్పుకునే రెండు పనులు ఒకే కొండ మీద కొట్టుకున్నాయి, ఇట్లాంటివి కూడా మీ పిల్లలకు చెప్పండి మేడం, ప్రతిజ్ఞ కంటే బాగా గుర్తుంటాయి.

పాలకొండల కింద:

అందరి రాతలూ రెండుసార్లు చదివాను. రిపోర్టు ఫోటో తప్పదు, అది నా చేతుల్లో లేదు. కానీ వచ్చే మూడో శనివారం ర్యాలీ బదులు ఇంకొకటి చేద్దామనుకుంటున్నా. కాలేజీ పక్క వీధిలో ఉన్న కిరాణా కొట్లు, టిఫిన్ సెంటరు, పూల అంగడి, వీటన్నిట్లో ఒకే రకం నిజమైన గుడ్డ సంచి. డిపాజిట్ కట్టి తీసుకుపోవడం, ఏ కొట్లోనైనా తిరిగివ్వడం. నా పిల్లలు కామర్స్ వాళ్ళే, లెక్క వాళ్ళే రాస్తారు. ఈ వారం ఈ వీధిలో ఎన్ని సంచులు తిరిగొచ్చాయో ఒక నల్లబల్ల మీద, ఆ వీధి మొదట్లోనే. ఊరంతా కాదు, ఆ ఒక్క వీధి. ఆ అడిగిన పిల్లకే అప్పజెప్తాను.

కిరాణా అన్నా, కొట్లవాళ్ళు ఒప్పుకుంటారా?

కిరాణా కొట్టు:

అందరూ ఒకే రోజు మొదలుపెడితే ఒప్పుకుంటారు, ఒక్కడు తప్పుకున్నా మిగతావాళ్ళు నిలవరు. ముందు వీధి చివర కొట్టు దగ్గరికి పోండి, అందరికంటే ఎక్కువ భయం వానికే ఉంటాది. డిపాజిట్ డబ్బు కొట్లో పెట్టొద్దు, ఒక కొట్లో కట్టి ఇంకో కొట్లో తీసుకుంటే మా మధ్య లెక్కలు కలవవు, రోజూ సాయంత్రం మీ పిల్లలు వచ్చి సరిచేయాల. చేపలు, మాంసం వాటికి ఈ సంచి ఇవ్వొద్దు, వాసన పోదు. టిఫిన్ సెంటరు వద్దు, చట్నీ సాంబారు సంచిలో పోయలేరు, వాళ్ళకు స్టీలు క్యారియరు సంగతి వేరేగా చూడండి. చినిగిన సంచి తెస్తే డబ్బు వాపస్ ఇవ్వాల్నా వద్దా అని ముందే బల్ల మీద రాయండి, లేకపోతే కొట్లాట అక్కడే.

పాలకొండల కింద:

ఉతకడం ఎవరు చేయాలన్నా?

కిరాణా కొట్టు:

బెల్లం మరకలు పడతాయి, ఉతక్కపోతే ఆడోళ్ళు ముట్టుకోరు. వారానికోసారి చాకలాయనకు ఇచ్చి ఆ ఖర్చు కొట్లన్నీ పంచుకోండి, కవర్లు కొనే ఖర్చు మిగులుతాది కదా అందులోంచి. సైజు మాత్రం ఐదు కేజీలు పట్టేది కుట్టించండి, చిన్నదైతే ఎవరూ తీసుకోరు. పిడి దగ్గర రెండు వరసలు కుట్టు వేయించండి, బ్యాళ్ళు చక్కెర వేస్తే ఊడేది అక్కడే.